సమానత్వం కంచం దగ్గరే మొదలవ్వాలి

ఆ మధ్య ఓపీకి ఒక తల్లి ఇద్దరు పిల్లలతో వచ్చింది. కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు ఆరో తరగతి. "క్లాసులో నిద్రపోతోందట. ట్యూషన్‌కి వెళ్లమంటే నీరసం అంటోంది. చదువు మీద శ్రద్ధ లేదు డాక్టరు గారూ" అంటూ మొదలుపెట్టింది. పాప కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2 గ్రాములు. ఆ వయసు అమ్మాయికి కనీసం 12 ఉండాలి.

ఏం తింటోందని అడిగాను. అన్నం, చారు, పచ్చడి. పొద్దున టిఫిన్ చాలాసార్లు ఉండదు. మరి గుడ్డు? "రోజూ ఉడకబెడతానండీ, బాబుకి. మగపిల్లాడు కదా, ఎదిగే వయసు" అంది ఆ తల్లి. ఆమె మాటలో దాపరికం లేదు. తప్పు చేస్తున్నానన్న అనుమానమూ లేదు. "మరి నువ్వేం తింటావమ్మా?" అంటే నవ్వి ఊరుకుంది. ఆమెకూ పరీక్ష చేయించాం. 8.9 వచ్చింది.

గుడ్డు ఒక్కటే రక్తాన్ని పెంచదు. అందులో ఇనుము మరీ ఎక్కువేమీ ఉండదు. కానీ ఆదివారం కూరలో ముక్కలు, రాత్రి పాలు, అప్పుడప్పుడు తెచ్చే పండ్లు కూడా ఆ ఇంట్లో అదే లెక్కన పంచుతున్నారు. నిజానికి ఎదిగే వయసు ఇద్దరిదీ. పైగా నెలసరి మొదలైన అమ్మాయికే ఇనుము ఎక్కువ కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం 13-15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము అవసరమైతే, అదే వయసు అమ్మాయికి 30 మిల్లీగ్రాములు కావాలి. మనం ఇళ్లలో సరిగ్గా తిరగేసి పెడుతున్నాం.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు అబ్బాయిల్లో అది 31 శాతం. నెలసరి ఒక కారణం. కంచం మరో కారణం. అందుకే ఈ ఆరోగ్యం పేజీలో ఆడ, మగ సమానత్వం గురించి రాస్తున్నాను. పిల్లలకు దీన్ని ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పలేం. వయసును బట్టి, తరగతిని బట్టి కొంచెం కొంచెంగా నేర్పాలి.

ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి వరకు

మూడేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలు తాము అమ్మాయో అబ్బాయో చెప్పగలుగుతారు. ఆ తర్వాత ఏది ఎవరి పనో ఇంట్లో చూసి నేర్చుకుంటారు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో అయిదేళ్ల పిల్లలు అమ్మాయిలైనా అబ్బాయిలైనా 'బాగా తెలివైనవాళ్లు' అంటే తమలాంటివాళ్లేనని చెప్పారు. ఆరేళ్లు వచ్చేసరికి అమ్మాయిల్లో ఆ నమ్మకం తగ్గింది. అంటే ఒకటో తరగతిలో అడుగుపెట్టే నాటికే మన మాటలు పని చేసేస్తున్నాయి.

ఈ వయసులో ఉపన్యాసాలు అక్కర్లేదు. బొమ్మలు అందరికీ ఇవ్వండి. బాబు వంటసామాను బొమ్మలతో ఆడినా, పాప బస్సు నడిపినా ఎగతాళి చేయొద్దు. పడి ఏడుస్తున్న బాబును "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అనకండి. ఆ ఒక్క మాట ఇద్దరినీ తక్కువ చేస్తుంది. శరీర భాగాలన్నింటికీ పేర్లు చెప్పండి. ఇష్టం లేకపోతే ఎవరి ఒళ్లోనూ కూర్చోనక్కర్లేదని, ముద్దు పెట్టనక్కర్లేదని చెప్పండి. చుట్టాలు ఏమైనా అనుకుంటారన్న మొహమాటం వద్దు. 'వద్దు' అనే మాటకు విలువ ఉంటుందని పిల్లలు నేర్చుకునేది ఇక్కడే.

మూడు నుంచి ఐదో తరగతి వరకు

ఇది పనులు నేర్పే వయసు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి బడి పిల్లలకు రక్తహీనత గురించి మాట్లాడి ఇంటికి వచ్చాను. కాసేపటికి చుట్టాలొచ్చారు. "మంచినీళ్లు తీసుకురా తల్లీ" అని పుస్తకం చదువుకుంటున్న కూతుర్ని పిలిచాను. టీవీ చూస్తున్న కొడుకు నా పక్కనే ఉన్నాడు. నీళ్లు తెచ్చి ఇచ్చి, చుట్టాలు వెళ్లాక అమ్మాయి అడిగింది: "తమ్ముడికి కాళ్లు లేవా?" నా దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి పనులకు వంతులు వేసుకున్నాం. నేను మరిచిపోయినా పిల్లలు మరిచిపోరు.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఆరేళ్లు దాటినవాళ్లలో రోజూ ఇంటిపనిలో పాలుపంచుకున్న ఆడవాళ్లు 81 శాతం, మగవాళ్లు 26 శాతం. ఈ తేడా పెళ్లయ్యాక కొత్తగా పుట్టేది కాదు, మూడో తరగతిలోనే మొదలవుతుంది. తిన్న కంచం కడగడం, పక్క సర్దడం, బట్టలు మడతపెట్టడం, లంచ్ బాక్స్ తోమడం ఇద్దరికీ నేర్పండి. అలాగే సాయంత్రం ఆటకు ఇద్దర్నీ పంపండి. ఎముకలు గట్టిపడటానికి ఎండ, ఆట అమ్మాయికీ కావాలి.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు

అమ్మాయిల్లో యౌవన మార్పులు అబ్బాయిల కంటే సుమారు ఏడాది, రెండేళ్లు ముందు మొదలవుతాయి. అందుకే ఆరు, ఏడు తరగతుల్లో చాలామంది అమ్మాయిలే పొడుగ్గా కనిపిస్తారు. నెలసరి గురించి అది రాకముందే అమ్మాయికి చెప్పండి. అబ్బాయికీ చెప్పండి. అక్క కడుపునొప్పితో పడుకుంటే వేడినీళ్ల సంచి తెచ్చివ్వడం తెలిసిన కుర్రాడు క్లాసులో ఏ అమ్మాయినీ ఎగతాళి చేయడు. మూలన కూర్చోబెట్టడం, ఇది ముట్టుకోవద్దు అది ముట్టుకోవద్దు అనడం వల్ల ఆరోగ్యానికి ఒరిగేది ఏమీ లేదు. రక్తస్రావం ఏడు రోజులు దాటినా, రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా డాక్టరుకు చూపించండి.

అబ్బాయిలకూ చెప్పుకోలేని బాధలుంటాయి. ఈ వయసులో చాలామందికి ఛాతీ కాస్త ఉబ్బుతుంది. హార్మోన్ల మార్పు వల్ల వచ్చే ఇది సాధారణంగా ఏడాది, రెండేళ్లలో తగ్గిపోతుంది. తోటివాళ్ల వెక్కిరింతలు భరించలేక ఆటల పీరియడ్ ఎగ్గొట్టే పిల్లల్ని నేను చూశాను. మగాడంటే ఇలాగే ఉండాలన్న కొలత వాళ్లనూ గాయపరుస్తుంది.

బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వారానికి ఒకటి, అమ్మాయిలకూ అబ్బాయిలకూ. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో వికారం తక్కువ. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర కూడా మానొద్దు.

తొమ్మిది, పది తరగతులు

పదో తరగతి జీవశాస్త్రంలో ఎక్స్, వై క్రోమోజోముల పాఠం ఉంటుంది. తల్లి నుంచి ఎప్పుడూ ఎక్స్ వస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే అమ్మాయి, వై వస్తే అబ్బాయి. మార్కుల కోసం దీన్ని బట్టీపట్టిన పిల్లలే ఇంట్లో "మళ్లీ ఆడపిల్లనే కన్నది" అన్న మాటలు వింటారు. పాఠాన్ని ఇంటికి కలిపి మాట్లాడండి. పుట్టబోయేది ఎవరో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం ఎందుకు తేవాల్సి వచ్చిందో చెప్పండి.

కొట్టడం గురించి కూడా ఈ వయసులోనే మాట్లాడాలి. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మహిళల్లో నూటికి 80 మందికి పైగా ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్నారు. దెబ్బలు తిని "బాత్రూంలో జారిపడ్డాను" అని చెప్పేవాళ్లకు కట్లు కట్టే మాకు ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు. మీ ఇంట్లో గొంతు పెరిగినప్పుడు పక్క గదిలో పదో తరగతి పిల్లలు చదువుకుంటున్నారని గుర్తుంచుకోండి. వాళ్లు ఆ పాఠం కూడా నేర్చుకుంటున్నారు.

ఇంటర్మీడియట్

"వద్దు" అంటే వద్దనే అర్థమని అబ్బాయికి సూటిగా చెప్పండి. వెంటపడితే ప్రేమ పుడుతుందని సినిమాలో చూపించొచ్చు, బయట అది నేరం. 18 ఏళ్లలోపు వాళ్ల విషయంలో పోక్సో చట్టం అంగీకారాన్ని కూడా లెక్కలోకి తీసుకోదని ఇద్దరికీ తెలియాలి.

అబ్బాయి ఫెయిలైనా, మనసు విరిగినా చెప్పుకుని ఏడ్చే చోటు ఇంట్లో ఉండాలి. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో నూటికి 70 మందికి పైగా మగవాళ్లే. దిగులు తగ్గకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఇక డబ్బు సంగతి. అబ్బాయికి హాస్టల్ ఉన్న పెద్ద కాలేజీ, అమ్మాయికి ఇంటి దగ్గర ఏదో ఒక గ్రూపు అని నిర్ణయించే ముందు ఇద్దరి మార్కులూ, ఇష్టాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

చెబితే మారతారా?

మారతారు. హరియాణాలో 2014లో మొదలుపెట్టి 314 ప్రభుత్వ బడులతో ఒక అధ్యయనం చేశారు. వాటిలో దాదాపు సగం బడుల్లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో రెండున్నరేళ్ల పాటు క్లాసులోనే ఈ విషయాలు చర్చించారు. ఆ పిల్లల ఆలోచన మారింది. ఇంటిపని చేస్తున్నామని చెప్పిన అబ్బాయిలు పెరిగారు. కార్యక్రమం ముగిసిన రెండేళ్లకు మళ్లీ అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఇది కూడా అడగండి: బెంచీలు మోయడానికి అబ్బాయిల్నీ, అతిథులకు పూలు ఇవ్వడానికి అమ్మాయిల్నీ మాత్రమే ఎందుకు పిలుస్తున్నారు?

రెండు నెలల తర్వాత ఆ తల్లీపిల్లలు మళ్లీ వచ్చారు. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు, ఆకుకూరలు, పప్పులు, వాటితో పాటు నిమ్మకాయ, జామకాయ. పాప హిమోగ్లోబిన్ 10.6కు చేరింది. ఇంకొన్ని నెలలు మాత్రలు మానొద్దని చెప్పాను. గుడ్ల సంగతి అడిగితే తమ్ముడే జవాబిచ్చాడు: "ఇప్పుడు ముగ్గురం తింటున్నాం. అమ్మ తినకపోతే మేమూ తినట్లేదు."

ఈ రాత్రి మీ ఇంట్లో వడ్డన అయ్యాక ఒక్కసారి కంచాల వంక చూడండి. చివర ఎవరు కూర్చుంటున్నారు, గిన్నె అడుగున వాళ్లకేం మిగిలింది? పిల్లలతో మాట మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు.