యుద్ధక్రీడలో ఆరు మూలల గడులెందుకు?

చదరంగంలో రాజు నేరుగా జరిగినా, మూలగా జరిగినా ఒక ఎత్తే. స్కేలుతో కొలిచి చూడండి: మూలగా వెళ్లిన దూరం దాదాపు 1.4 రెట్లు! చదరంగానికి దాంతో ఇబ్బంది లేదు. మ్యాపు మీద సైన్యాలను నడిపించే ఆటకు మాత్రం పెద్ద చిక్కే. మూలగా నడిచే దళానికి ఊరికే వేగం వచ్చేస్తుంది.

అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో తెచ్చిన ‘టాక్టిక్స్’లో చదరపు గడులే ఉండేవి. ఆయన కంపెనీ అవలాన్ హిల్ 1961లో ‘గెటిస్‌బర్గ్’ ఆటకు ఆరు భుజాల గడులు వేసింది. తేనెపట్టులోలాగా, చుట్టూ ఉన్న ఆరు గడులూ సమాన దూరంలోనే ఉంటాయి.

మరి రెండు దళాలు తలపడితే గెలుపెవరిది? దళాలకు గుర్తుగా వాడే అట్టబిళ్లల మీద వాటి బలం అంకెల్లో ఉంటుంది. 12 బలమున్న దళం 4 మీద పడితే నిష్పత్తి 3:1. అప్పుడు పాచిక వేసి, ఆటలోని ఫలితాల పట్టికలో ఆ నిష్పత్తి కింద చూడాలి: శత్రువు వెనక్కి తగ్గాడా, నాశనమయ్యాడా, దెబ్బ మనకే తగిలిందా?

నాకు అన్నిటికంటే నచ్చేది ఈ పాచికే. బలవంతుడికి అవకాశం ఎక్కువ, హామీ మాత్రం లేదు. వాన, బురద, సమయానికి అందని ఆజ్ఞ, అన్నీ అందులోనే దాగున్నాయి. ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824 నాటి తన యుద్ధక్రీడలో పాచికలు వాడిందీ అందుకే.