పరదేశపు పెట్టుబడి – ప్రపంచ వర్తకము

ఒక పంచాయతి అప్పు తెచ్చి సంతకు కొత్త ఆవరణము కట్టించినదనుకొందము. ఆ అప్పు తీరుట సంతకు వచ్చు బండ్లపైనను, వసూలగు ఆశీలుపైనను ఆధారపడియుండును. బండ్లు రాకపోయినను వాయిదా సొమ్ము చెల్లింపక తప్పదు. దేశముల విషయమునను ఇదియే లెక్క. చైనా ఇతర దేశములలో సాగించుచున్న రేవుల, రైలుమార్గముల నిర్మాణము ప్రపంచ వర్తకమును ఎట్లు మార్చుచున్నదో, అందలి లాభనష్టములెవ్వియో పంచాయతి సభ్యులకు తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పథకము పుట్టుక

2013 సెప్టెంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ కజకస్తాన్‌లో మధ్య ఆసియా మీదుగా సాగు భూమార్గమును, తరువాతి నెలలో ఇండొనేషియాలో సముద్రమార్గమును ప్రతిపాదించెను. ఈ రెండును కలిసి ‘బెల్ట్ అండ్ రోడ్’ పథకమని ప్రసిద్ధి చెందినవి. పెక్కుచోట్ల చైనా ప్రభుత్వ బ్యాంకులు అప్పిచ్చును. చైనా సంస్థలే పని చేయును. దీనివలన ఆ దేశపు ఉక్కు, సిమెంటు కర్మాగారములకు గిరాకియు, దాని సరుకులకు మేలైన దారియు లభించుచున్నవి.

వర్తకమునకు మేలు

ప్రపంచ వర్తకములోని సరుకు, తూకమునుబట్టి, నూటికి 80 పాళ్లకు పైగా సముద్రముపైననే సాగుచున్నది. రేవులో ఓడ ఒక దినము ఆగినను ఖర్చు పెరుగును; ఆ ఖర్చు తుదకు కొనువానిపై పడును. కావున ఒక దేశమున మంచి రేవు వెలసినచో ఆ దారిని పోవు అందరి సరుకునకును మేలగును. తలపెట్టిన మార్గములన్నియు పూర్తియైనచో ప్రపంచ వర్తకము నూటికి 1.7 నుండి 6.2 వరకు పెరుగగలదని ప్రపంచ బ్యాంకు 2019లో అంచనా వేసెను. అప్పుల లెక్కలు బహిరంగముగా నుండవలెనని కూడ అదే నివేదిక హెచ్చరించెను.

గ్రీసు దేశపు పిరేయస్ రేవు ఇందుకొక నిదర్శనము. 2010లో అచ్చట దించి ఎక్కించిన కంటెయినర్లు, 20 అడుగుల పెట్టెల లెక్కన, పది లక్షలకు లోపు. 2019 నాటికి అవి 50 లక్షలు మించినవి. చైనా ప్రభుత్వ ఓడల సంస్థ కాస్కో తన సొమ్ముతో 2016లో ఆ రేవు సంస్థలో 51 శాతము వాటా కొనెను. ఓడలు రాకున్నచో ఆ సొమ్ము నష్టము కాస్కోదే అయియుండును.

హంబన్‌టోట పాఠము

మన పొరుగుననున్న శ్రీలంకలో కథ వేరు. దక్షిణ తీరమున హంబన్‌టోట రేవు తొలిదశకు ఆ ప్రభుత్వము చైనా ఎగుమతి దిగుమతి బ్యాంకునుండి 30 కోట్ల 70 లక్షల డాలర్లు అప్పు తెచ్చెను. వడ్డీ నూటికి 6.3. 2013 ప్రకటనకు పూర్వమే, 2010 నవంబరులో, ఈ రేవు తెరువబడెను. తూర్పు పడమరల ఓడలు తిరుగు మహామార్గము ఆ తీరమునకు సమీపముననే యున్నది. అయినను ఓడలు ఆగలేదు. సరుకు దించుకొను పెద్ద పట్టణము గాని, పరిశ్రమలు గాని చెంత లేవు. కొలంబో రేవు అదివరకే సమర్థముగా పనిచేయుచుండెను. 2012లో హంబన్‌టోటకు వచ్చిన ఓడలు 34 మాత్రమే.

2017లో ఆ రేవును చైనా మర్చంట్స్ పోర్ట్ సంస్థకు 99 సంవత్సరముల గుత్తకిచ్చి 112 కోట్ల డాలర్లకు ఒప్పందము చేసికొనిరి. దీనితో రేవు అప్పు రద్దయినదని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఆ సొమ్ము విదేశమారక నిల్వలకు చేరెను. అప్పు ప్రభుత్వముపైననే నిలిచెను. గుత్త తరువాత మోటారు వాహనములను ఓడనుండి ఓడకు మార్చు పని అచ్చట పెరిగినది.

2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేసెను. దీనికి రేవొక్కటే కారణము కాదు. బాండ్లపై తెచ్చిన అప్పులు చైనా అప్పుకంటె అధికము. 2019లో పన్నులు తగ్గించిరి. కరోనా కాలమున యాత్రికులు రాలేదు. ఫలితమును అనుభవించినది మాత్రము సామాన్యులు. పెట్రోలుకును, వంటగ్యాసుకును జనులు దినములతరబడి బారులు తీరిరి.

మన దేశము

భారతదేశము ఈ పథకమున చేరలేదు. దానిలో భాగమైన మార్గమొకటి పాకిస్తాన్ ఆక్రమణలోనున్న కాశ్మీరు గుండా పోవుట మన ముఖ్యమైన ఆక్షేపణ. అయినను మనకు సంబంధము లేకపోలేదు. మన తీరమునుండి చిన్న ఓడలలో పోవు కంటెయినర్లు అనేకము కొలంబోలో పెద్ద ఓడలకెక్కుచున్నవి. అచ్చటి ఒక టెర్మినలులో అధిక వాటా చైనా సంస్థదే. ఇట్లు ఇతరులపై ఆధారపడుట తగ్గించుటకై కేరళలోని విళింజం రేవు 2025 మే నెలలో జాతికి అంకితము చేయబడినది.

అప్పు చేయుట తప్పు కాదు. రేవు కట్టుటయు తప్పు కాదు. సరుకు నిజముగా వచ్చునా? రాకున్న నష్టమెవరిది? షరతులు ప్రజలకు తెలియునా? చేవ్రాలు చేయుటకు ముందే ఈ మూడింటికి జవాబు దొరకవలెను. దేశమునకైనను, దుకాణములు కట్టదలచిన గ్రామమునకైనను ప్రశ్నలివియే. తీర్మానము చేయుటకు ముందు లెక్కను గ్రామసభలో చదివి వినిపించుడని సభ్యులను కోరుచున్నాము.