సరమ బిడ్డ బెదురు

మహాభారతకథలో తొలుత వినవచ్చు ఏడుపులలో ఒకటి కుక్కపిల్లది. జనమేజయుని సత్రయాగశాలకు ఆడుకొనుచు వచ్చిన సారమేయుని ఆతని తమ్ములు శ్రుతసేన, భీమసేన, ఉగ్రసేనులు నిష్కారణముగా కొట్టిరి. తల్లి సరమ వచ్చి రాజును నిలదీసి, నిరపరాధిని హింసించితిరి గనుక మీకు కారణము కానరాని భయములు కలుగునని పలికి పోయినది. నన్నయభట్టారకుడు ఆదిపర్వమున ఈ కథను తెనిగించినాడు. కొట్టినవారికి భయమును శపించిన ఆ తల్లి, దెబ్బలు తిన్న బిడ్డలో నిలిచిపోయిన భయమును గూర్చి ఏమియు చెప్పలేదు.

హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ, గౌలిపుర, లాల్ దర్వాజా గల్లీలలో అట్టి పిల్లలు నేటికిని కనబడును. జాలిపడి ఎవరో ఇంటికి తెచ్చుకొందురు. ఇంటివారితో చక్కగా ఆడును. కొత్తవాడు గడప త్రొక్కగనే మంచము క్రింద దూరును. పదిమంది చేతికిచ్చి నిమిరించిన అదియే అలవాటుపడునని పెద్దలు చెప్పుదురు. ఇంతకంటె కీడు చేయు ఉపాయము వేరొకటి లేదు. పట్టి ఉంచినపుడు పిల్ల కదలక ఊరకుండును. మనము దానిని శాంతమనుకొందుము. అది శాంతము కాదు, పారిపోవుటకు దారి లేని ప్రాణి బిగుసుకొనుట. పెరిగిన పిదప ఒకనాడు పొరుగింటి పసివాని చేతిని కరచును. ఆపైన దానికి మిగులునది కఱ్ఱయే.

1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో తాము చేసిన ఒక పరీక్షను ప్రకటించిరి. కుక్కపిల్లలను మనుష్యస్పర్శ లేకుండ పెంచి, వేర్వేరు వారములలో మనుష్యులకు చూపిరి. పదునాలుగు వారముల వరకు మనిషినెరుగని పిల్లలు పిమ్మట ఎంత లాలించినను దగ్గరకు రాలేదు. మూడవ వారము మొదలు ఇంచుమించు పండ్రెండవ వారము వరకు దాని మనసు కొత్తవారికి తెరచియుండునన్నమాట. ఆ దినములలో రాళ్లు మాత్రమే చవిచూచిన పిల్లను మార్చుట కష్టము. ఐనను నెలల ఓర్పుతో చాలవరకు సాధ్యము.

మందు ఒక్కటే: దూరము. పిల్ల మనిషిని చూడవలెను, కాని చూచుచునే తినగలిగినంత దూరమున ఉండవలెను. మనిషి కనబడగనే ఉడికించిన కోడిమాంసపు ముక్క. కనుమరుగు కాగనే తిండి ఆగిపోవలెను. తినుట మానినచో దగ్గరకు వచ్చితిమని గ్రహించి వెనుకకు పోవలెను. ఐతే రెండు స్కూటర్లు ఒరసికొని పోవు గల్లీలో దూరము ఎక్కడిది? కాలమే దూరము. లాడ్ బజారులో గాజుల అంగళ్లు తెరచుటకు చాల ప్రొద్దెక్కును. వేకువ అజా వినబడిన తరువాత కొంతసేపు ఇరుకుసందును విశాలముగనే ఉండును. లేదా మిద్దె ఉన్నది. పిట్టగోడ చాటునుండి క్రింద పోవువారిని చూపవచ్చును.

అతిథికి నేర్పవలసినది పిల్లకు నేర్పవలసినదానికంటె ఎక్కువ. ప్రక్కకు తిరిగి కూర్చుండవలెను, కన్నులలోనికి చూడరాదు, తలపైకి చేయి చాపరాదు. చేతినుండి తినిపించరాదు, ఆశకొలది దగ్గరకు వచ్చి, తిన్నంతనే తానెక్కడ ఉన్నదో తెలిసి అదరిపోవును. ముక్కను పిల్ల వెనుకకు విసరవలెను. తినుటకు దూరము పోయి, తన ఇష్టముతో తిరిగి వచ్చును. ఈ విద్యలో పాతబస్తీవారికి సహజమైన నేర్పు కలదు. నమాజుకు పోవువారు కుక్క చొంగ బట్టలకు సోకరాదని తొలగి నడతురు. మడి కట్టుకొన్న మన పెద్దలును అంతియే. చూడక, పిలువక, తాకక పోవు మనిషియే బెదరిన పిల్లకు మొదటి గురువు. మా గల్లీలో ఒక పిల్ల మొట్టమొదట సాహసించి వాసన చూచినది, దానివంక ఎన్నడును చూడని ఒక వృద్ధుడు మసీదు మెట్లవద్ద విడిచిన చెప్పులను.

గుఱ్ఱుమన్నదని కొట్టరాదు, ఆ హెచ్చరికను మాన్పించినచో ముందు తెలుపక కరచును. భయపడినపుడు దగ్గరకు తీసికొన్నచో భయము పెరుగునన్నది అపోహ. ఒకరికి అలవాటుపడినంత మాత్రమున అందరికి అలవాటుపడదు. బురఖా వేరు, షేర్వాణీ వేరు, హెల్మెట్టుతో భోజనపు పొట్లము తెచ్చు కుఱ్ఱవాడు వేరు. మూడు నెలలు నిండగనే రేబీస్ టీకా వేయింపవలెను. ఎవరినైన కరచినను, గోరు గీచినను, గాయమును ధారగా పోయు నీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యునికడకు పోవలెను.

ఇక ఆషాఢమున బోనాలు. డప్పుల మ్రోత నడుమ పోతరాజు కొరడా ఝళిపించుచు లాల్ దర్వాజా వీధిలో వచ్చునపుడు ధైర్యపాఠములు పెట్టుకొనరాదు. ఆ దినమున లోపలి గదిలో గోనెపట్టా పరచి, నీళ్లు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఇంటివారొకరు ప్రక్కన కూర్చున్న చాలును.