మీకు తెలుసా? వేషం మారినా నడక మారదు!

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆన్‌లైన్ గేమ్ ఆడినవారిపై 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో మగవాళ్లలో 23 శాతం మంది ఆడ పాత్రను ఎంచుకున్నారు. మగ పాత్ర తీసుకున్న ఆడవాళ్లు 7 శాతమే.

కారణం అడిగితే కొందరు మగవాళ్లు దాపరికం లేకుండానే చెబుతారు: కెమెరా మామూలుగా పాత్ర వెనకాలే నడుస్తుంది, గంటల తరబడి చూడాల్సింది ఆ వీపునే, ఆ చూసేదేదో చూడముచ్చటగా ఉంటే పోలా అని! అధ్యయనంలోనూ ఆడ పాత్ర తీసుకున్న మగవాళ్లు అందమైన రూపాలకే, సంప్రదాయ కేశాలంకరణకే మొగ్గారు. చాట్‌లో ఆశ్చర్యార్థకాలు, భావోద్వేగాలు ఒలికే మాటలు పెరిగాయి. కదలికల్లో మాత్రం దొరికిపోయారు. అదేపనిగా గెంతడం, వెనక్కి నడవడం, గుంపుకి ఎడంగా నిలబడటం... అచ్చం మగ ఆటగాళ్ల తీరే.