పాదాన్ని పట్టే పెడల్, వదిలే పెడల్

రాజపాళయంలో పడమటి దిక్కుకి చూస్తే కొండలే. అయ్యనార్ కోవెల వైపు సైకిలెక్కి బయల్దేరితే తోపులు దాటుతూనే పడమటి కనుమల పాదం వచ్చేస్తుంది. ఆ పైనున్న అడవి 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూర్-మేఘమలై పులుల అభయారణ్యం. కాబట్టి బండి తిరగాల్సింది అడవి హద్దుకి ఇవతలి రాళ్లబాటల మీదే. తరాలుగా తెలుగే ఇంటిభాషగా నిలుపుకున్న ఈ ఊళ్లో ఓ కుర్రాడు కొత్తగా కొండసైకిల్ కొన్నాడనుకుందాం. దిగుడులో చక్రం రాయిమీద ఎగిరింది, నున్నటి ప్లాస్టిక్ పెడల్ మీంచి కాలు జారింది, మోకాలి కింద చర్మం లేచిపోయింది. “మామయ్యా, ఏ పెడల్ కొనమంటావు?” అంటాడు. దానికి జవాబు చెప్పాలంటే పెడల్ పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల కొయ్యబండికి పెడలే లేదు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. 1860లలో పారిస్‌లో మిషో కుటుంబం తయారుచేసిన బళ్లలో ముందుచక్రం ఇరుసుకే పెడళ్లు వచ్చాయి. పియేర్ లాల్మాన్ ఇలాంటి బండికే 1866లో అమెరికాలో పేటెంటు పొందాడు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే. వేగం కావాలంటే చక్రాన్ని పెంచుకుంటూ పోవాలి. అందుకే మనిషెత్తు చక్రాల బళ్లు పుట్టాయి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్‌తో ఆ చిక్కు వీడింది. చైను వెనకచక్రాన్ని తిప్పింది, పెడల్ బండి నడుమకి చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

పెడల్‌ని క్రాంకుకి, అంటే దాన్ని మోసే కడ్డీకి, బిగించే మరలో ఓ విశేషముంది. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. ఎందుకో తెలియాలంటే ఒక పెన్సిల్‌ని పిడికిట్లో వదులుగా పట్టుకుని, దాని కొసను గుండ్రంగా తిప్పండి. కొస ఒక దిక్కుకి తిరుగుతుంటే పెన్సిల్ తనచుట్టూ తాను రెండో దిక్కుకి దొర్లుతుంది. పాదం బరువు కింద పెడల్ ఇరుసూ మరలో అలాగే, కంటికి కనిపించనంత మెల్లగా దొర్లుతుంది. ఎడమవైపు మామూలు మర ఉంటే తొక్కేకొద్దీ అదే ఊడిపోతుంది. దీన్నిబట్టి ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు: స్పానర్‌ని నిటారుగా నిలబెట్టి, దాని పైకొసను ముందుచక్రం వైపు నెడితే రెండు పెడళ్లూ బిగుస్తాయి, వెనకచక్రం వైపు లాగితే వదులవుతాయి.

ఆ తర్వాతి కథంతా పాదాన్ని పెడల్‌కి కట్టేయడం గురించే. పందెగాళ్లు చాలాకాలం బూటు ముందుభాగాన్ని ఇనప చట్రంలో దూర్చి తోలుపట్టీతో బిగించుకునేవారు. పడబోతే చేత్తో పట్టీ సడలించాల్సిందే. 1984లో ఫ్రాన్సుకి చెందిన లుక్ కంపెనీ మంచుస్కీల బిగింపును చూసి కొత్త పెడల్ చేసింది. మడమను పక్కకి తిప్పితే కాలు ఊడివస్తుంది. మరుసటేడే బెర్నార్ ఇనో దాంతో టూర్ డి ఫ్రాన్స్ పందెం గెలిచాడు. కానీ ఆ బూటుతో నడవడం కష్టం. కొండదారిలో దిగి నడవక తప్పదు కదా. 1990లో షిమానో కంపెనీ బూటు అడుగుభాగపు గుంతలో దాగే చిన్న లోహపు బిళ్లతో ఎస్పీడీ పెడల్ తెచ్చి ఆ లోటు తీర్చింది.

అయితే కొండసైకిల్ పుట్టింది మాత్రం కాలు కట్టుకోని వాళ్ల చేతుల్లోనే. 1976 అక్టోబరులో కాలిఫోర్నియాలో ‘రీప్యాక్’ అనే దిగుడు పందెం మొదలైంది. అందులో వాడిన పాత బళ్లకి పెడల్‌ని వెనక్కి తొక్కడమే బ్రేకు. దిగుడులో హబ్బు కాగి లోపలి గ్రీజు ఆవిరైపోతే మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది. పందేనికి ఆ పేరు అందుకే వచ్చింది.

ఇక ఆ కుర్రాడికి నేను చెప్పేది చదును పెడళ్లే కొనమని. బల్లపరుపుగా, వెడల్పుగా, పైన చిన్న చిన్న మేకుల్లాంటి పిన్నులు పొడుచుకొని ఉంటాయి. బరువు పడగానే బూటు రబ్బరు ఆ పిన్నుల చుట్టూ నొక్కుకుపోతుంది. నున్నటి పెడల్ మీద రాపిడి ఒక్కటే పాదాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ పిన్నూ రబ్బరూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. నైలాన్ పెడల్ చవక, రాయి తగిలినా ఇరుక్కోకుండా దాని మీంచి జారిపోతుంది. అల్యూమినియంలో పిన్ను అరిగితే విప్పి కొత్తది వేసుకోవచ్చు. చెప్పులతో తొక్కకూడదు. అడుగు చదునుగా, మెత్తగా ఉన్న బూటు, మోకాలి కింద గార్డు ఉండాలి.

కాలు కట్టుకుంటే పైకి లాగి కూడా బలం రాబట్టవచ్చంటారు. కానీ కావాలని పైకి లాగుతూ తొక్కితే అదే పనికి ఒంటి శక్తి ఎక్కువ ఖర్చవుతుందని ప్రయోగాల్లో తేలింది. పని ఎక్కువగా జరిగేది కిందికి నొక్కడంలోనే. పైగా కాలు కట్టుకున్నవాడు చక్రాన్ని కాళ్లతో లాగి ఎత్తేస్తాడు, అసలు మెళకువ పట్టుబడదు. ఆస్ట్రేలియా వీరుడు శామ్ హిల్ చదును పెడళ్ల మీదే ప్రపంచ డౌన్‌హిల్ పందేలు గెలిచాడు.

పెడళ్లు బిగించాక నేరుగా కొండకి పోవద్దు. ఖాళీస్థలంలో మడమలు దించి, పెడళ్ల మీద నిలబడి, నాలుగు రోజులు నెమ్మదిగా తిరగాలి. బండి ఒరిగిన ప్రతిసారీ ఆలోచించకుండానే కాలు నేలను తాకుతుంది. ఆ ధైర్యంతోనే ఆ కుర్రాడు రెండోసారి అదే రాతిమీదికి బండి తోలుతాడు.