జట్టు పోరు

పోరాట క్రీడల పట్ల మానవునికి గల మక్కువ అనాదియైనది. భీమడోలు పరిసరాలలోనూ, కొల్లేటి తీరగ్రామాలలోనూ చెడుగుడు ఆడినవారికి దాని మర్మం సుపరిచితమే. కూతకు వెళ్ళినవాడు ఒంటరిగా పోరాడినా, గెలుపోటములు మాత్రం జట్టువే. ఈ సూత్రమే ఒక వీడియో క్రీడకు ప్రాణమైంది.

జపాన్‌లోని ఒసాకా ప్రాంతానికి చెందిన ఎస్.ఎన్.కె. సంస్థ 1994లో ‘ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 94’ను విడుదల చేసింది. నాణెం వేసి ఆడే యంత్రాలపై అంతవరకు వచ్చిన పోరాట క్రీడలలో సాధారణంగా ఒక వీరుడు మరొక వీరునితో తలపడేవాడు. ఇందులో ముగ్గురేసి వీరులతో ఎనిమిది జట్లు ఏర్పడ్డాయి. ఒకడు ఓడితే మరొకడు బరిలోకి దిగుతాడు. గెలిచినవాడు కొద్దిగా కోలుకొని, మిగిలిన శక్తితోనే కొత్తవానిని ఎదుర్కోవాలి. ముగ్గురూ ఓడినప్పుడే జట్టు ఓడినట్లు. 1995లో వచ్చిన తరువాతి క్రీడలో, నచ్చిన ముగ్గురిని ఏరి జట్టు కట్టుకొనే వీలు కూడా కలిగింది.

ముందెవరిని పంపాలి? చివరికెవరిని నిలుపుకోవాలి? ఈ యోచనలోనే క్రీడ ఆకర్షణ ఉంది. భారతయుద్ధంలో కౌరవసేనను భీష్ముడు పది రోజులు, ద్రోణుడు ఐదు రోజులు, కర్ణుడు రెండు రోజులు నడిపించారు. ఒకరు కూలగా మరొకరు ఆ భారాన్ని స్వీకరించిన ఆ ఉత్కంఠే ఇక్కడా కనిపిస్తుంది.

చివరివాడు ఒంటరిగా మిగిలినా ఎదుటి ముగ్గురినీ జయించవచ్చు. అందుకే ఆఖరి క్షణం వరకు ఆశ చావదు. మొదటివాడు ఓడినా, ప్రత్యర్థి బలాన్ని సగం హరించి ఉంటే ఆ ఓటమి వ్యర్థం కాదు. చప్పట్లు చివరి విజేతకే దక్కుతాయి; ఆ విజయంలో ముందు నేలకొరిగినవాని శ్రమ కూడా ఉంటుంది. జట్టులో నిలిచే ప్రతివాడూ గ్రహించవలసిన సత్యమిది.