ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ: ఇంటిలోని అభ్యాసము

మన పాఠశాలలో చదివి ఇంజనీరింగు కళాశాలలకు పోయిన విద్యార్థులు సెలవులకు ఆండిపట్టి వచ్చినప్పుడు ‘ఇంటర్న్‌షిప్’ అను మాట తరచుగా పలుకుచున్నారు. అది యేమని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుండుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చదువు ముగియక మునుపే కొన్ని వారములో నెలలో ఒక సంస్థలో ఉండి పని నేర్చుకొనుటయే ఇంటర్న్‌షిప్. దీనికి సాఫ్ట్‌వేర్ సంస్థలు సాధారణముగా మొదట కంప్యూటరు మీద ఒక పరీక్ష పెట్టును. అందు నెగ్గినవారిని ఇంజనీరొకరు ఎదుటనో, తెరమీదనో కూర్చుండి ముప్పావుగంటయో గంటయో ప్రశ్నింతురు.

ఒక ఉదాహరణము చూడుడు. అకారాది క్రమమున 1000 పేర్లు గల పట్టీలో ఒక పేరును త్వరగా వెదకుట ఎట్లు? మొదటినుండి చూచుచు పోయినచో ఒక్కొక్కప్పుడు 1000 పేర్లును చూడవలసి వచ్చును. నడిమి పేరు చూచి, కావలసినది దానికి ముందున్నదో వెనుకనున్నదో తెలిసికొని, అక్కరలేని సగమును విడిచి, మిగిలిన సగమునందును అట్లే చేయుచు పోయినచో 10 సారులకు మించి చూడనక్కరలేదు. దీనిని ‘బైనరీ సెర్చ్’ అందురు.

జవాబుతోపాటు, ఆ జవాబునకు చేరిన త్రోవను గూడ పరీక్షకులు గమనింతురు. “పేర్లు క్రమములో ఉన్నవా?” అని అభ్యర్థి ముందుగా అడుగునా? తన ఆలోచనను పైకి చెప్పునా? తప్పు చూపినప్పుడు దిద్దుకొనునా?

మన పిల్లలు తడబడుచున్నది ఇచ్చటనే. మా పూర్వవిద్యార్థి యొకడు జవాబు తెలిసియు, ఆంగ్లమున తప్పు దొర్లునేమో యని మౌనము వహించి అవకాశము పోగొట్టుకొనెను. ఆ మౌనమునకు మేమును బాధ్యులమే. తరగతిలో నోరు మెదపనివానినే మంచి బాలుడని ఇన్నాళ్లు మెచ్చుకొంటిమి.

తప్పునకు భయపడ పనిలేదు. బైనరీ సెర్చ్‌ను 1946లో జాన్ మాక్లీ వివరించెను. పేర్ల సంఖ్య ఎంతయైనను సరిగా పనిచేయు రూపము వెలువడుటకు పండితులకే పదేండ్లకు పైగా పట్టినది.

ఇంట తెలుగు, వీధిని తమిళము, కళాశాలలో ఆంగ్లము మన పిల్లల పాలబడినవి. ఏ భాషలోనైనను ఒకసారి తేటపడిన ఆలోచన తక్కిన భాషలలోనికి సులభముగా నడచును. కావున రాత్రి భోజనమైన పిమ్మట, “ఈ లెక్క ఎట్లు చేసితివి?” అని మీ బిడ్డను తెలుగులోనే అడుగుడు. మీకు కంప్యూటరు తెలియనక్కరలేదు. తుదివరకు ఓపికతో విన్న చాలును. ఆ మాటనే ఆంగ్లమున చెప్పించు భారము మాది.